షీటు అంచున పడిన అక్షరాలు

విజయనగరంలోని మా ఆఫీసులో పెద్ద షీట్లు తీసే ప్రింటరు ఒకటుంది. అది కదలడం మొదలుపెట్టిన కాసేపటికి తడి సిరా వాసన నా గదిలోకి వస్తుంది. ఇన్నేళ్ళుగా ఇళ్ళకూ బడులకూ ప్లాన్లు గీస్తున్నా, ఆ వాసన తగలగానే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. చేస్తున్న పని ఆపి వెళ్ళి, షీటు పూర్తిగా బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడతాను. నాకీ భయం నేర్పింది సత్యవతప్ప.

శ్రీకాకుళంలో మా కాలేజీకి ఎదురుగా ప్రింట్ల కొట్టు ఆవిడది. మా వైపు అక్కను అప్ప అంటాం. యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుండేవి, చీర కొంగు ఎప్పుడూ నడుముకు దోపి ఉండేది. ఒకప్పుడు ఒక ఇంజినీరు దగ్గర చేత్తో ప్లాన్లు గీసేవారట. ఆర్కిటెక్చర్ చదివే మేమందరం ఆవిడ మీదే ఆధారపడేవాళ్ళం. అయితే పెన్‌డ్రైవ్ ఇచ్చేసి టీకి వెళ్ళొస్తామంటే ఒప్పుకునేవారు కాదు. “నీ బొమ్మ నువ్వే సూసుకోవాల. తప్పొస్తే నన్నంటావా?” అని పక్కనే నిలబెట్టేవారు.

చివరి ఏడాది ప్రాజెక్టుగా నేను మా ఊరి ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే షెడ్డు గీశాను. మా అమ్మ ఇసుకలోనే చేపలు ఆరబెట్టేది. మబ్బు పట్టిందంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ గంపలు పట్టుకుని పరుగెత్తడం చిన్నప్పటినుంచీ చూశాను. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. ఆ ప్రాజెక్టు పోతే ఏడాది పోతుంది. ఇంకో ఏడాది చదివించమని అడిగే ధైర్యం నాకు లేదు.

నా దగ్గరున్నది విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేరు. దాంతో గీసిన బొమ్మను ప్రింటు తీస్తే, ఇది చదువు కోసం ఇచ్చిన సాఫ్ట్‌వేరుతో చేసినదని షీటు నాలుగు అంచులా ఇంగ్లీషులో అక్షరాలు పడేవి. మామూలుగా ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఆ ఏడాది బయటినుంచి వచ్చే పరీక్షాధికారి అలాంటి షీట్లు ముట్టుకోరని హాస్టల్లో పుకారు పుట్టింది. ఎవరు చెప్పారో తెలియదు, అందరం నమ్మాం. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

పరీక్ష పదింటికి. ఏడింటికల్లా కొట్టు ముందున్నాను.

“అప్పా, బొమ్మని కొంచెం పెద్దది చేసి తియ్యండి. అంచుల్లో అక్షరాలు కాగితం బయటికి పోతాయి.”

“అక్షరాలు పోతాయి. కొలత మాటేటి?”

“కొంచెమే కదప్పా! ఎవరికి తెలుస్తుంది?”

ఆవిడ నేనడిగినట్టే ఒక షీటు తీశారు. అంచులు శుభ్రంగా వచ్చాయి. నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు ఆవిడ స్కేలు తెచ్చి షెడ్డు గుమ్మం మీద పెట్టారు.

“గుమ్మం ఎడల్పు ఎంత రాసేవు?”

“ఆరడుగులు.”

“ఇక్కడ ఆరడుగుల మూడంగుళాలున్నాది. సూడు.”

చూశాను. ఆవిడ ఆ షీటును రెండుగా చింపేశారు. నాకు ఏడుపు ఆగలేదు.

“ఒసే రత్నం, ఏడవకు, ఇను,” అన్నారు. “మా తమ్ముడి ఇల్లు గీసింది నేనే. కాగితంలో పట్టలేదని కొంచెం తగ్గించి తీసిచ్చేను. మేస్త్రీ దాని మీదే కొలిసి మెట్లు కట్టేసేడు. మేడెక్కినప్పుడల్లా పైకప్పు తగలకుండా మా అమ్మ ఇప్పటికీ తల వంచుకునే ఎక్కుతాది. ఒక్క మాట అన్లేదు. అంటే బాగుణ్ణు.”

మళ్ళీ మొదటినుంచి, సరైన కొలతలో, అక్షరాలతో సహా అయిదు షీట్లు తీయడం మొదలుపెట్టారు. మూడోది సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇద్దరం ఆగిపోయిన కాగితాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆవిడ కూడా గోళ్ళు కొరుకుతున్నారని అప్పుడే గమనించాను. కరెంటు వచ్చేసరికి తొమ్మిదిన్నర. అయిదోది ఇంకా తడిగా ఉండగానే పట్టుకుని పరుగెత్తాను.

పరీక్షాధికారి ముందుగా అంచులే చూశారు. “ఈ అక్షరాలేమిటమ్మా?”

“విద్యార్థుల సాఫ్ట్‌వేరు సార్. నా దగ్గర అదే ఉంది.”

“చూడ్డానికి బాగాలేదు,” అన్నారు. తర్వాత జేబులోంచి స్కేలు తీసి గుమ్మం మీద పెట్టారు. “ఇంత వెడల్పెందుకు?”

“గంపలు ఎత్తుకుని ఇద్దరు ఎదురుపడితే ఎవరూ ఆగకూడదని సార్.”

ఆయన తల ఊపారు. పైకప్పులో రెండు తప్పులు పట్టి గట్టిగానే మందలించారు. మార్కులు గొప్పగా రాలేదు. కానీ గట్టెక్కాను.

సాయంత్రం కొట్టుకు వెళ్ళి చెప్పాను. మార్కులెన్నని ఆవిడ అడగలేదు.

“గుమ్మం కొలిసేరా?”

“కొలిచారప్పా.”

“ఎంతొచ్చింది?”

“ఆరే.”

ఆవిడ నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. వెంటనే వరసలో నిలబడ్డ మరో అమ్మాయి వైపు తిరిగిపోయారు.

తర్వాత కొన్నేళ్ళకు చూపు మసకబారి కొట్టు మూసేశారు. ఇప్పుడు శృంగవరపుకోటలో చెల్లెలి దగ్గర ఉంటున్నారని విన్నాను.

కిందటి నెల గజపతినగరంలో కడుతున్న ఇంటి దగ్గర్నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. “మేడమ్, వంటింటి కిటికీ కాడ అంకె సరిగ్గా పళ్ళేదు. కాగితం మీద కొలిసి కట్టెస్తాను, పర్లేదు కదా?”

కిటికీయే కదా, అంకె ఫోన్లోనే చెప్పేయొచ్చు. అయినా నేనొచ్చేదాకా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దని చెప్పి, అన్నం ముందునుంచి లేచి బండి తీశాను. దారంతా గుండె దడదడలాడుతూనే ఉంది. ఆ దడ తగ్గాలని నేనెప్పుడూ కోరుకోలేదు.