దానియేలు మాస్టారి చెవి: కొల్లేరు ఒడ్డున ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం ఒక ఇన్‌లాండ్ లెటర్. నాకు పాత జాజ్ ఆల్బమ్‌ల పిచ్చి ఉందని ఈ బ్లాగు చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అసలు టేపులను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసే రీమాస్టర్ సీడీలను వీలైనప్పుడల్లా తెప్పించుకుంటాను. నాలాంటి వాళ్లే మరో ఆరుగురు ఉన్నారు. వాళ్లకు పోస్టులో పంపుతాను, విని తిరిగి పంపుతారు. గణపవరం మిత్రుడొకరి ద్వారా ఈ మధ్యే ఈ జాబితాలో చేరినవారు దానియేలు మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరై, మండవల్లి దాటాక చేపల చెరువుల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉంటున్నారు. క్లారినెట్ వాయిస్తారని విన్నాను. మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆయన ఇలా రాశారు: "మీరు పంపిన సీడీ విన్నాను. ఈ ఆల్బమే నా దగ్గర ఎల్పీగా ఉంది. ఇక్కడి చర్చి మిషను బంగళా దొరగారు వెళ్లిపోతూ ఇచ్చారు. మీ సీడీలో అదే పాట శ్రుతి కొంచెం కిందికి దిగినట్టు వినబడుతోంది. నా చెవి చెడిందని పద్నాలుగేళ్ల కిందటే మా వాళ్లు తేల్చారు. ఇప్పుడు పూర్తిగా పోయిందేమో. మీరు ఒకసారి వచ్చి విని చెప్పగలరా? పోయిందంటే క్లారినెట్ అమ్మేస్తాను. సోమవారం బ్యాండుమేళం వాళ్లు కొనడానికి వస్తామన్నారు."

ఉత్తరం అందింది శుక్రవారం. "మాస్టారి కోసం వెళ్తున్నారా, సీడీ కోసమా?" అని మా ఆవిడ అడిగింది. రెండింటికీ అన్నాను. ఆవిడ నమ్మలేదు. నిజానికి సీడీలో ఏదైనా లోపం ఉందేమోనన్న దిగులే నాకు ఎక్కువగా ఉంది, ఒప్పుకుంటున్నాను. రెండూ ఒకే ఆల్బమేనా అని అట్ట మీది నంబరు సరిచూద్దామని సీడీతో వచ్చిన చిన్న పుస్తకాన్ని కూడా సంచిలో వేసుకున్నాను.

తాడేపల్లిగూడెంలో పొద్దున్న ఆరున్నర దాటాక పాసింజరు ఎక్కితే ఎనిమిదిలోపు ఏలూరులో దిగాను. టిక్కెట్టు పది రూపాయల పైచిలుకు. బస్టాండు ఎదుటి హోటల్లో పెసరట్టు వేస్తున్నాయన నా సంచిలోంచి తొంగిచూస్తున్న స్పీకర్లను చూసి, "ఏవండీ, మైకు సెట్టింగా అండీ? పెళ్లెక్కడండీ?" అని అడిగాడు. పెళ్లి కాదు, చెవి పరీక్ష అన్నాను. "అయితే ఆసుపత్రి అటండీ," అని అట్లకాడతో రోడ్డు చూపించి, ఉప్మా కొంచెం ఎక్కువే పెట్టాడు. పక్క కొట్లో నా సీడీ ప్లేయరుకు బ్యాటరీలు కూడా కొనుక్కున్నాను. పల్లెటూళ్లో కరెంటును నమ్ముకుని జాజ్ వినేంత ధైర్యం నాకు లేదు.

ఏలూరు నుంచి కైకలూరు బస్సు కొల్లేటి మీదుగానే వెళ్తుంది. గంటంబావు ప్రయాణం, ఇరవై రూపాయల లోపే. చలికాలం మొదట్లో వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు, నీళ్ల నిండా కొంగలు. నేను మాత్రం సగం దారి సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, గుంతలు అలాంటివి. కైకలూరులో షేర్ ఆటో ఎక్కి మండవల్లి, అక్కడ ఇంకో ఆటో. అది చెరువు గట్టు మీద పోతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. "ఏం పర్లేదండీ, దీనికి దారి అలవాటే. కళ్లు మూసుకున్నా వెళ్లిపోద్దండి," అన్నాడు డ్రైవరు. దయచేసి మూసుకోవద్దన్నాను. ఊళ్లో దిగేసరికి పదకొండు. కాళ్లు నేల మీద ఆనగానే ప్రాణం కుదుటపడింది.

మాస్టారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. సన్నగా, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. "రండి రండి, ఇంత దూరం వస్తారనుకోలేదండీ," అంటూ నా చేతిలో సంచి అందుకున్నారు. ఎల్పీ ప్లేయరు బల్ల మీద సిద్ధంగా ఉంది, కరెంటు మాత్రం రెండింటికి గానీ రాదట. ఈలోపు భోజనం పెట్టింది ఆయన వదినగారు, సువార్తమ్మగారు. పక్క వాటాలోనే ఉంటారు, ఊరి చర్చిలో హార్మోనియం వాయిస్తారు. కొర్రమీను పులుసు వడ్డిస్తున్నంతసేపూ ఆవిడ మరిదితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ లోపలికి వెళ్లాక మాస్టారు గొంతు తగ్గించి కారణం చెప్పారు.

"ఆ ఎల్పీతో కలిపి వాయిద్దామని ఎంత చూసినా నా క్లారినెట్ శ్రుతి కొంచెం కిందే ఉండేదండీ. మిగతా రికార్డులన్నీ కలిసేవి, అందుకని ప్లేయరును అనుమానించలేదు. అంత గొప్పవాళ్లు పెట్టుకున్న శ్రుతి తప్పవుద్దాండీ? నాదే తక్కువనుకుని, మౌత్‌పీసు కింద చిన్న గొట్టం ఉంటది చూడండి, దాన్ని గుడివాడ లేత్ కొట్లో మూడు మిల్లీమీటర్లు కోయించేశాను. ఎల్పీతో చక్కగా కలిసింది. చర్చిలో హార్మోనియంతో కలవడం మానేసింది. మీ పెట్టే కిందికి దిగిందని వదినగారితో అందరి ముందూ అనేశాను. నీ చెవే పోయిందన్నారు పెద్దలు. ఆరేడు ఆదివారాలు చూశాను, నాకే అనుమానం పట్టుకుంది. వాయించడమే మానేశాను."

వాయిద్యాన్ని కోయించిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

రెండుంబావుకు కరెంటు వచ్చింది. ముందు ఎల్పీ, వెంటనే సీడీ, మళ్లీ ఎల్పీ. మూడోసారికి నాకూ స్పష్టంగా తెలిసింది. ఎల్పీ నిజంగానే కొంచెం పైన ఉంది, సీడీ కింద ఉంది. "మాస్టారూ, తేడా ఉందండీ. నాకూ వినబడుతోంది!" అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే రెండింట్లో ఏది రైటండీ?" అన్నారు. లెక్కల మాస్టారు కదా, సగం జవాబుకు మార్కులు వేయరు.

నంబరు చూద్దామని పుస్తకం తీశాను. నా భాగోతం ఇక్కడే బయటపడింది. ఈ పుస్తకాలు మాసిపోతాయని నేను ఎవరికీ పంపను, సీడీ ఒక్కటే కవర్లో పెట్టి పంపుతాను. పోనీ నేనైనా చదువుతానా అంటే అదీ లేదు, బొమ్మలు చూసి బీరువాలో పెట్టేస్తాను. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది సంగతి. ఆ రోజు రికార్డు చేసిన టేపు మిషను ఉండాల్సిన దానికన్నా నెమ్మదిగా తిరిగిందట. అందువల్ల ఆ టేపును మామూలు వేగంతో తిప్పి చేసిన ఎల్పీల మీద ఆ పాటలు ఇన్నేళ్లూ అసలు శ్రుతి కన్నా కొంచెం పైన వినబడ్డాయట. ఈ విడుదలలో దాన్ని సరిచేశారట. ఆయనకు తెలుగులో చదివి చెప్పాను. ఈ పేజీని సీడీతో పాటు పంపి ఉంటే ఆయనకు ఆ ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

మాస్టారు పుస్తకం తీసుకుని తనే రెండుసార్లు చదువుకున్నారు. "అచ్చులో వేసినవన్నీ నిజాలేనాండీ?" అని లేచి, క్లారినెట్ పెట్టె తీశారు. కోయించిన గొట్టాన్ని కొంచెం బయటికి లాగి, సందులో దారం చుట్టారు. పక్క వాటాలోకి నడిచారు. నేనూ వెనకే వెళ్లాను.

"వదినగారూ, ఒక్కసారి స పట్టుకుంటారా?"

సువార్తమ్మగారు చేస్తున్న పని ఆపి ఆయన్ని ఎగాదిగా చూశారు. చేతులు తుడుచుకుని హార్మోనియం ముందు కూర్చున్నారు. మొదటి ఊపిరికి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి స్వరం వచ్చింది, వణికింది, నిలబడింది. ఎక్కడ హార్మోనియమో ఎక్కడ క్లారినెట్టో తెలియనంతగా రెండూ కలిసిపోయాయి. ఊపిరి అయిపోయేదాకా ఆయన ఆపలేదు.

"నా చెవి బాగానే ఉందండీ," అన్నారు మాస్టారు నాతో.

"మీ చెవి సంగతి సరేనండీ మరిదిగారూ. ఇది కూడా మంచిదేనని ఓ మాట అనండి, పద్నాలుగేళ్లు మాట పడింది," అన్నారు సువార్తమ్మగారు, హార్మోనియం మీద చెయ్యి వేసి. మాస్టారు నిజంగానే వంగి, "తప్పయిపోయిందండీ," అన్నారు. పెట్టెకో వదినగారికో నేను అడగలేదు. ఆ తర్వాత నా సెల్‌ఫోను అడిగి తీసుకుని, బ్యాండుమేళం వాళ్లను సోమవారం రావద్దన్నారు.

నాలుగున్నరకు ఆటో ఎక్కితే తొమ్మిదిలోపు గూడెం చేరాను. సీడీ వెనక్కి తెచ్చుకోలేదు, పుస్తకం కూడా అక్కడే ఇచ్చి వచ్చాను. దారంతా మనసు తేలిగ్గా ఉంది. ఇన్నేళ్లూ రీమాస్టర్ అంటే చప్పుళ్లు తుడిచిన పాట అనే అనుకున్నాను. ఎక్కడో ఒక టేపు మిషను చేసిన తప్పును కొల్లేటి ఒడ్డున ఒక మనిషి తన తప్పుగా మోశాడు. ఆయనకు కావలసిన నాలుగు వాక్యాలు ఆర్నెల్లుగా నా బీరువాలో ఉన్నాయి. సిగ్గుగా ఉంది, ఇంకా ఆలస్యం కాలేదన్న ఊరట అంతకన్నా ఎక్కువగా ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. శనివారం కాదు, ఆదివారం వెళ్లండి, ముందు రాత్రి కైకలూరులోనే ఉండిపోండి. ఆరాధన తొమ్మిదింటికి మొదలవుతుంది, క్లారినెట్ మొదటి పాట నుంచే ఉంటుంది.