ఆరు టేకు కుర్చీలు

మా ముత్తాతగారు ఊరికి మునసబు. శిస్తు వసూలుకి ఆయన గుర్రమెక్కి బయలుదేరితే దారిపొడవునా మనుషులు అరుగులు దిగి నిలబడేవారని మా నాయనమ్మ చెప్పేది. మా తాతగారు గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే పెద్దరోడ్డు పక్కన పదహారెకరాల నల్లరేగడి చదును చేయించి పత్తి మిల్లు కట్టించారు. రైతు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరుచేసి, దూదిని బేళ్ళు కట్టే జిన్నింగ్ మిల్లు. మా నాన్నగారు దాన్ని ఇరవై నాలుగు జిన్నుల దాకా పెంచారు. మిల్లుదారుల సంఘానికి పదకొండేళ్ళు అధ్యక్షులుగా ఉన్నారు. మా చుట్టుపక్కల పత్తి ధర ఆయన నోట్లోంచి వచ్చాకే బజారులో పలికేది. నేను అదే మిల్లులో మేనేజర్ని. జీతానికి.

ఇందులో దాచేదేమీ లేదు. వరసగా పురుగు తిన్న పంటలు, బ్యాంకు, కోర్టు, అన్నదమ్ముల వాటాలు. పెద్ద ఇళ్ళు కూలే తీరు ఎక్కడైనా ఇంతే. మిల్లు కొన్నాయన ఒకప్పుడు గుంటూరులో ఒక పత్తి కమీషన్ కొట్లో గుమస్తా. ఇప్పుడాయనకు రెండు మిర్చి కోల్డ్ స్టోరేజీలు కూడా ఉన్నాయి. నన్ను పనిలో ఉంచుకోవడం దయ కాదు. రైతులు ఇప్పటికీ నా ముఖం చూసే ట్రాక్టరు మా గేటులోకి తిప్పుతారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నన్ను మేనేజరుగారూ అని పిలుస్తాడు. పాత కూలీలు మాత్రం యాభై ఎనిమిదేళ్ళ నన్ను ఇంకా చినబాబుగారూ అంటారు. ఏ పిలుపుకి నా నడుము నిటారుగా అవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆఫీసు గది మాత్రం మారలేదు. అదే పెద్ద బల్ల, అదే ఇనప్పెట్టె, మా తాతగారు చీరాల వడ్రంగిని పిలిపించి చేయించిన అవే ఆరు టేకు కుర్చీలు. నాన్నగారు ఆ గదిలోకి వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోమనేవారు. కూలీనీ అనేవారు, తాలూకాఫీసు అధికారినీ అనేవారు. కూర్చోవలసినవాడు వస్తే కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, చేత్తో కుర్చీ చూపించేవారు. తక్కినవాళ్ళతో తల ఎత్తకుండా, రాసుకుంటూనే అనేవారు. వాళ్ళు పర్లేదండి అని నిలబడేవారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. ఆ గదిలో పొరపాటున కూర్చున్నవాడు ఒక్కడూ లేడనే నేను చాలాకాలం అనుకున్నాను.

ఈ సీజను మొదలవడానికి నెల ముందు మా షిఫ్టు సూపర్‌వైజరు ఒక స్పిన్నింగ్ మిల్లులో మంచి పని దొరికి వెళ్ళిపోయాడు. ఆ సంగతి తెలిసిన రెండోరోజే మా ఫిట్టరు ఎక్స్‌రే కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అతను ఇరవై రెండేళ్ళుగా మా జిన్నులు బాగుచేస్తున్నాడు. అతని తండ్రి నాన్నగారి హయాంలో బేళ్ళ ప్రెస్సు దగ్గర పనిచేశాడు. మిల్లు వెనక క్రైస్తవపేటలో ఇల్లు. దూది నుసి అతని ఊపిరితిత్తుల్లో చేరింది. జిన్ను హాలు వదలకపోతే మందులు మింగి లాభం లేదని ఒంగోలు డాక్టరు చెప్పాడట. సూపర్‌వైజరుకి ప్రెస్సు పక్కన అద్దాల గది ఉంది. తలుపు వేసుకుంటే నుసి రాదు.

"ఆ అద్దాల గదిలో పడేశారంటే ఇంకో పదేళ్ళు మీకు బరువుగానే ఉంటాను చినబాబుగారూ" అన్నాడు. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

దరఖాస్తు పెట్టు, నేను చూసుకుంటాను అన్నాను. నేను చూసుకుంటాను అన్న మాట మా ఇంట్లో మూడు తరాలుగా చెల్లింది. అది చెల్లనిరోజు వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మా కాలంలో అయితే ఆ సాయంత్రమే పిలిచి తాళాలు చేతికిచ్చేవాళ్ళం. ఇప్పటి ఓనరు అలా కుదరదన్నాడు. ఫోన్లలో ప్రకటన పెట్టించాడు, బయోడేటాలు తెప్పించాడు, ఇంటర్వ్యూకి రోజు నిర్ణయించాడు. ప్రశ్నలు మీరే అడగండి మేనేజరుగారూ, పత్తి సంగతి మీకు తెలిసినంత నాకేం తెలుసు అన్నాడు. ఆయనకు తెలియక కాదు. ఆ రోజు తాను బల్ల పక్కన ఒక కుర్చీ లాక్కుని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నా కుర్చీ నాన్నగారి కుర్చీ. నా ముందు ఒక ఖాళీ కుర్చీ వేయించాను. బల్ల మీద పళ్ళెంలో ఆ పొద్దున దిగిన పత్తి నాలుగు గుప్పెళ్ళు పెట్టించాను.

ఐదుగురు వచ్చారు. ముగ్గురి గురించి రాయడం కాగితం దండగ. ఒకాయన ఏడేళ్ళలో ఆరు మిల్లులు మారాడు, తప్పంతా ఆ ఆరుగురు యజమానులదేనన్నాడు. నాలుగోవాడు సింగరాయకొండ వైపు కుర్రాడు, మెకానికల్ డిప్లొమా, పాతికేళ్ళుంటాయి. గదిలోకి వచ్చి, ఇద్దరికీ నమస్కారం పెట్టి, నేను నోరు తెరవకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా కలం ఆగిపోయింది. అతను గమనించలేదు.

పత్తిలో తేమ ఎలా చూస్తావని అడిగాను. మీటరు ఉంటుంది కదండీ అన్నాడు. మీటరు చెడిపోతే అన్నాను.

"ఇంకోటి తెప్పిస్తానండి. ఒకటి స్పేర్ ఉంచుకోవాలి అసలు. మీకు లేదా?"

ఓనరు ఫోను మీంచి తల ఎత్తి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా తాతగారు గింజ కొరికి చూసేవారు. ఎండిన గింజ పళ్ళ మధ్య టక్కున విరుగుతుంది, తడి తగిలిన గింజ నలుగుతుంది. బరువు కోసం నీళ్ళు చల్లి తెచ్చిన పత్తి ఆయన దగ్గర ఒక్క బోరెం బస్తా కూడా దిగలేదు. మిల్లులో నిప్పు పడితే ఏం చేస్తావని అడిగాను. మెయిన్ ఆపి, అలారం కొట్టి, ఫైరింజనుకి ఫోన్ చేస్తానన్నాడు. తప్పు కాదు. పుస్తకంలో అలాగే ఉంటుంది. వెళ్ళేటప్పుడు కుర్చీ మళ్ళీ సరిగ్గా బల్ల కిందికి నెట్టి వెళ్ళాడు. అదైనా ఎవరో నేర్పారు.

చివరికి ఫిట్టరు వచ్చాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆ పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళెవరూ చెప్పులు విప్పలేదు, అతను గుమ్మం బయట విప్పాడు. చేతిలో మడతపెట్టిన జేబురుమాలు.

అతని దరఖాస్తు నా ముందు ఉంది. దాన్ని చూస్తూ కూర్చో అన్నాను. అలా అనాలని ముందుగా అనుకున్నది కాదు. తల ఎత్తాల్సింది, ఎత్తలేదు.

"పర్లేదు బాబుగారూ" అన్నాడు.

కుర్చీ వెనక నిలబడ్డాడు. దాని వీపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. నిజం రాయాలంటే, నాకది బాగుంది. కుర్రాడు కుర్చీ లాక్కున్నప్పటి నుంచి నాలో బిగుసుకున్నదేదో అప్పుడు వదులైంది. ఈ గది ఎవరిదో తెలిసిన మనిషి ఒకడైనా మిగిలాడనిపించింది.

తేమ గురించి అడిగాను. అతను పళ్ళెంలోంచి చిటికెడు పత్తి తీసి, గింజ వేరుచేసి, కొరికి, ముఖం చిట్లించాడు. నిన్న దీని మీద నీళ్ళు చల్లారండి, పైన ఎండింది, లోపల ఎండలేదు అన్నాడు. నిప్పు గురించి అడిగాను. ముందు ఫ్యాన్లు ఆపాలన్నాడు. గాలి ఆడుతుంటే గొట్టాల్లోంచి నిప్పు ఒక హాలు నుంచి ఇంకో హాలుకి ప్రయాణం చేస్తుంది, నీళ్ళు తరవాత సంగతి. నిప్పు పడినచోటి దూదిని వారం రోజులు విడిగా పరిచి ఉంచుతానన్నాడు. బేలు కట్టేస్తే లోపల నిప్పు చచ్చినట్టే పడుకుని, లారీ ఎక్కాక లేస్తుంది. ఇవి ఏ డిప్లొమాలోనూ ఉండవు. నేను ఓనరు వైపు చూశాను. ఇక చూసేదేముంది అన్నట్టు చూశాను.

ఆయన ఫోను జేబులో పెట్టాడు.

"మేనేజరుగారు వచ్చి, అర్జెంటు లారీ వచ్చింది, ఆ దూది ఇప్పుడే బేలు కట్టెయ్ అన్నారనుకో. ఏం చేస్తావు?"

"బాబుగారు అట్టా అనరండి."

"అన్నారనుకో."

ఫిట్టరు నా వంక చూశాడు. జేబురుమాలు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఆయన చెప్పాక..." అని ఆగాడు. తరవాత దగ్గు వచ్చింది. సరే, బయట ఉండమన్నాం.

తలుపు మూసుకున్నాక ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"పనిమంతుడే, కాదనను. కానీ మీ ముందు కూర్చోలేనివాడు రేపు మీకు ఎదురొచ్చి, ఈ దూది కట్టను పొమ్మనగలడా? సూపర్‌వైజరు చెయ్యాల్సిన పని అదొక్కటేనండీ."

కూర్చోమన్నాను కదా, అతనే కూర్చోలేదు అన్నాను.

"అన్నారు. మీ నాన్నగారూ అనేవారు" అన్నాడాయన. గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. "నేనూ ఈ గదిలో నిలబడ్డవాణ్ణే మేనేజరుగారూ, శాంపిల్ పొట్లాలు పట్టుకుని. ఒకసారి కాళ్ళు పీకుతున్నాయని కూర్చున్నాను."

"నాన్నగారు ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. తరవాత రెండేళ్ళు మా షావుకారు దగ్గర సరుకు కొనలేదు."

నాకు ఆ సంగతి తెలియదు. నాన్నగారు అలా చేసి ఉండరని అనడానికి నోరు తెరిచాను. చేసి ఉంటారని నాకే తోచి మూసుకున్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట కాటా దగ్గర ఫిట్టరు నిలబడి ఉన్నాడు.

"పోనీ ఒక పని చేద్దాం. మళ్ళీ పిలవండి. ఈసారి అతని ముఖం చూసి సరిగ్గా కూర్చోమనండి. కూర్చుంటే ఉద్యోగం అతనికే ఇచ్చేద్దాం. నేను మాట ఇస్తున్నాను."

చాలా చిన్న పని. కలం కింద పెట్టాలి, తల ఎత్తాలి, చెయ్యి చూపించాలి. ఎదురుగా ఉన్నది ఇరవై రెండేళ్ళు మా యంత్రాలు బాగుచేసిన మనిషి. కానీ పక్కన ఉన్నది మా నాన్నగారి ముందు పొట్లాలు పట్టుకుని నిలబడ్డ గుమస్తా. నా గదిలో నేను ఎవరిని ఎలా కూర్చోబెట్టాలో ఆయన చెబితే, నేను చేసి చూపించాలి. సరిగ్గా చేశానా లేదా అని ఆయన కిటికీ దగ్గర నిలబడి చూస్తాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరి ముందూ పరీక్షకి నిలబడలేదు.

"ఒకసారి చెప్పాను" అన్నాను. "రెండోసారి చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు."

మీ ఇష్టం అన్నాడాయన. సింగరాయకొండ కుర్రాడి కాగితం నా ముందుకి జరిపాడు. సంతకం పెట్టాను.

కాటా దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. నా చేతిలో లేకపోయింది అన్నాను. అతని ముఖంలోకి చూసి చెప్పాను, ఈ ఒక్కసారి. ఫిట్టరు చెప్పులు వేసుకుంటూ విన్నాడు.

"మీరు చెప్పే ఉంటారు బాబుగారూ. మీ మాట కూడా వినకపోతే ఇంకేం చేస్తారు. రోజులట్టా ఉన్నయ్యి" అన్నాడు.

నన్ను ఓదార్చాడు. ఇంకో మాట ఏదైనా అని ఉంటే భరించేవాణ్ణి.

ఆ మాట అతని భార్య అంది. ఆమె మా మిల్లు యార్డులోనే పత్తిలో పుల్లలూ చెత్తా ఏరే ఆడవాళ్ళ బృందంలో పనిచేస్తుంది. వారం తరవాత నేను కుప్పల మధ్య నడుస్తుంటే, ఏరడం ఆపకుండానే, అందరికీ వినబడేట్టు అడిగింది.

"చినబాబుగారూ, మా ఆయన్ని కూర్చోబెట్టడానికి అంత మిల్లులో మీకు ఒక్క కుర్చీ దొరకలేదంటగా?"

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు పైట నోటికడ్డం పెట్టుకున్నారు. గదిలో మేమిద్దరం మాట్లాడుకున్నది ఆమెకు ఎలా చేరిందో నేను వెతకలేదు. మిల్లులో గోడలు పలచన. ఒకప్పుడైతే ఆ మాట అన్నవాళ్ళు మర్నాడు గేటు లోపలికి వచ్చేవారు కాదు. నేను నడక ఆపలేదు, వేగం పెంచలేదు. నడుము నిటారుగానే ఉంచుకుని కాటా దాకా నడిచాను. అంతవరకే నాకు చేతనైంది.

సీజను అయిపోవస్తోంది. ఫిట్టరు ముక్కుకి జేబురుమాలు కట్టుకుని ఇంకా జిన్ను హాలులోనే ఉన్నాడు. సంక్రాంతి దాటాక రెండుసార్లు ఆస్పత్రిలో పడుకుని వచ్చాడు. కుర్రాడు పని నేర్చుకుంటున్నాడు. సగం ఫిట్టరు దగ్గరే నేర్చుకున్నాడు, గింజ కొరకడం కూడా. మొన్న తడి పత్తి విషయంలో నాతో, ఇది దించుకోవడం కుదరదు సార్ అని ముఖం మీదే చెప్పాడు. అతనిదే న్యాయం. రోజూ పొద్దున రిపోర్టు పట్టుకుని నా గదికి వస్తాడు, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. నేను తల ఎత్తను. అతనికి దానితో పనిలేదు.

ఈ మధ్య ఏదో లైసెన్సు కాగితం వెతుకుతుంటే మిల్లు అమ్మకం దస్తావేజు చేతికొచ్చింది. భూమి, షెడ్లు, యంత్రాలు అయ్యాక చివరి పేజీలో ఆఫీసు గది సామాను విడిగా రాసి ఉంది. బల్ల ఒకటి, ఇనప్పెట్టె ఒకటి, టేకు కుర్చీలు ఆరు. అన్నీ మిల్లుతోపాటే అమ్మేశాం. కింద నా సంతకం ఉంది.