సగం దగ్గర ఆగిపోయిన ముల్లు

1982 వేసవి. మదనపల్లె బస్టాండు వెనక వీధిలో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు బాగుచేసేవాణ్ణి. పనిమంతుణ్ణని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకరోజు పుంగనూరు నుంచి రెడ్డెప్ప అనే టాక్సీ డ్రైవరు వచ్చాడు. అతని పాత కారులో ఫ్యూయల్ గేజ్ ముల్లు ఎప్పుడూ తక్కువే చూపిస్తోంది. పెట్రోలు ఎంతుందో తెలియాలంటే టాంకు మూత తీసి, కత్తితో గాట్లు పెట్టిన వెదురుపుల్ల ముంచి చూసుకునేవాడు. అప్పట్లో మా వైపు చాలామంది డ్రైవర్ల సీటు కింద అలాంటి పుల్ల ఒకటి ఉండేది.

"ఈ కాలంలో గూడా పుల్ల ముంచుకుంటా తిరగతాండావా రెడ్డెప్పా?" అని ఎగతాళి చేశాను.

"ఇంట్లో ఆడమనిషికి నెలలు నిండతాండాయి మేస్త్రీ. బండి సరిగ్గా ఉండల్ల" అన్నాడు.

టాంకు లోపల సెండర్ యూనిట్ అని ఒకటి ఉంటుంది. సన్నటి కమ్మీ, దాని చివర ఫ్లోట్, అంటే తేలే బుడ్డి. పెట్రోలుతో పాటు అది లేస్తుంది, దిగుతుంది. ఆ కదలికే డాష్‌బోర్డు మీద ముల్లును నడుపుతుంది. కమ్మీని కటింగ్ ప్లేయరుతో కాస్త వంచి, యూనిట్ బిగించి, పెట్రోలు పోయించాను. ముల్లు చక్కగా ఎక్కి ఫుల్ దగ్గర నిలబడింది. మళ్ళీ పెట్రోలంతా దించి, ముల్లు కిందికి వస్తుందో లేదో చూడాలి. అది గంట పని. నేను చూడలేదు. రెడ్డెప్ప పుల్లను మాత్రం నా చేతులతో విరిచి పక్కనున్న టీ అంగడి పొయ్యిలో పడేశాను. అతనూ నవ్వాడు.

పది రోజులకు అతని భార్యకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పడంతో ఆమెను కారులో పడుకోబెట్టి మదనపల్లె ఆసుపత్రికి బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల ఊరన్నది లేని చోట బండి ఆగిపోయింది. ముల్లు సగం చూపిస్తోంది. పెట్రోలు ఉందన్న నమ్మకంతో కార్బురేటర్ విప్పాడు, ప్లగ్గులు తుడిచాడు, పాయింట్లు గీకాడు. వెనక సీట్లో ఆమె అరుస్తూనే ఉంది. ఏమీ తోచక, చివరికి టాంకు మూత తీసి కారును ఊపి చూశాడు. లోపల చుక్క చప్పుడు లేదు. ఏదో బస్సు దొరికి ఆసుపత్రి చేరేసరికి ఆలస్యమైపోయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఈ సంగతంతా వారం తర్వాత కారు తెచ్చి అతనే చెప్పాడు. యూనిట్ స్క్రూలు విప్పి చూశాను. నేను వంచిన కమ్మీ టాంకు లోపలి అడ్డరేకుకు తట్టుకుని సగం దగ్గరే వేలాడుతోంది. దాచేద్దామా అని కూడా అనిపించింది. దాచలేకపోయాను.

"తప్పు నాదే రెడ్డెప్పా. దిగతాదా లేదా అని నేను సూడలా."

అతను తిట్టి ఉంటే బాగుండేది. కమ్మీని వేలితో ఒకసారి తాకాడు. "ఆడబిడ్డ మేస్త్రీ. ఏడవను గూడా లేదు" అన్నాడు. తర్వాత "పుల్ల ఉండింటే మొదుట అదే ముంచి సూసేవాణ్ణి గదా" అన్నాడు.

ఆ తర్వాత ఏ సెండర్ యూనిట్ బిగించినా, టాంకులో పెట్రోలంతా దించి, ముల్లు అడుగుకు చేరేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. ఈ మేస్త్రీ ఎంత జాగ్రత్త మనిషో అని జనం మెచ్చుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ముల్లు ఎక్కడం చూస్తే చాలదు, దిగడమూ చూడాలి. ఆ పని నాకు నేర్పింది ఇంతే. ఆ రోజు షాపులో నేను మిగుల్చుకున్న గంటే రోడ్డు మీద ఆ బిడ్డకు లేకుండా పోయింది.