బజ్జీ పక్కన తెల్ల వైన్

ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో నంద్యాల హోటలుకొచ్చే బేరర్ దేవసహాయం వైన్ గ్లాసును కాడ దగ్గరే పట్టుకుంటాడు, పైన గాజు గిన్నె మీద వేలు పడనివ్వడు. రెండు రకాల తెల్లద్రాక్షలు కలిపి చేసిన, నాలుక చివర కాస్త తీపి తగిలే వైన్ ఎవరడిగినా, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టాల్సిందే. యజమాని ఎంత తిట్టినా వినడు. ఆ సాయంత్రం యజమాని హైదరాబాదు బావమరిదిని వెంటబెట్టుకొచ్చి, ఆ వైనే తెప్పించి, "దీనికి చీజ్ తే. బజ్జీలు తెచ్చినావంటే రేపట్నుంచి రావాకు" అన్నాడు. దేవసహాయం తలూపి లోపలికి పోయి, పొగలు కక్కే బజ్జీలే తెచ్చాడు.

"ఏందప్పా ఇది?" యజమాని గొంతు లేచింది.

"ఈ తీపికి మన కారమే జత సార్. చీజ్ సప్పగుంటాది."

బావమరిది ఒకటి కొరికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, చెయ్యి గ్లాసు కోసం తడుముకుంది. ఒక గుక్క తాగాడు. తర్వాత రెండోది తీసుకున్నాడు, మూడోది కూడా. దేవసహాయం ఖాళీ పళ్లెం ఎత్తుతూ అన్నాడు:

"మిరపకాయలు అయిపోయినాయి సార్. రేపొచ్చేటప్పుడు ఆళ్లగడ్డ నుంచి నేనే తెస్తా."