కృష్ణమ్మకు చెప్పాల్సిన కథ

ఎదుటివాళ్ల మాట మధ్యలో తుంచెయ్యడం మా మేనమామ సూగప్పకు పుట్టుకతో వచ్చిన రోగం. రాయచూరు ధాన్యం మార్కెట్‌లో, గంజ్‌లో, గోనె సంచుల దుకాణం నడిపినన్నాళ్లూ, రైతు నోరు విప్పీ విప్పకముందే "అయింది, తియ్" అనేవాడు. రైతులు నవ్వుకుని పోయేవాళ్లు. మా అత్త కృష్ణాబాయికి మాత్రం పోవడానికి వేరే చోటు లేదు.

ఆమె కంటే ముందు పుట్టిన పిల్లలెవరూ బతకలేదట. వాళ్లమ్మ తులసమ్మ దేవసూగూరు రేవులో మెడలోతు నీళ్లలో నిలబడి, ఈసారి పుట్టేది నీ బిడ్డే, నీ పేరే పెడతానని కృష్ణా నదికి మొక్కుకుంది. పుట్టిన పిల్లను చేటలో పడుకోబెట్టి నదికి చూపించి ఆ పేరుతో పిలిచింది. అలా మొక్కి కన్న బిడ్డ చనిపోయాక తిరిగి నదికే అప్పజెప్పాలి. అస్థికలు కలిపే మనిషి నీళ్లలో నిలబడి, నది ఎక్కడ పుట్టిందో, ఆ పేరెట్లా వచ్చిందో మొదటినుంచి చివరిదాకా చెప్పి, "నీ పేరు పెట్టుకున్న బిడ్డ, తీసుకో" అనాలి. చెప్పకపోతే నది గుర్తుపట్టదట. ఈ ఆనవాయితీ వాళ్ల ఇంట్లోనే ఉంది, వేరే ఎవరిళ్లలోనూ నేను వినలేదు.

వాళ్లకు పిల్లల్లేరు. ఆ పని మామకే పడుతుందని అత్తకు తెలుసు. అందుకే అన్నం వడ్డిస్తూనో, చిరిగిన సంచులు కుడుతూనో కథ మొదలుపెట్టేది.

"సహ్యాద్రి మీద యాగం జేస్తుండ్రంట, ఇనుండ్రి..."

"అయింది, తియ్. ఆవు నోట్లకెల్లి నీళ్లొస్తయి, గంతే గద."

"నడుమ శానా ఉంది."

"ఉండనీ. రేపు చెప్తువు."

అత్త సూదిలో దారం ఎక్కించుకునేది. మేనమామ కాకపోయి ఉంటే ఆయన్ను నాలుగు దులిపేవాణ్ణి.

నది పక్కన పవర్ ప్లాంట్ చిమ్నీలు లేచిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం అత్త జ్వరంతో మంచం పట్టింది. అప్పుడూ అడిగింది, కథ చెప్పనా అని. "ముందు తగ్గనీ, తర్వాత నిమ్మళంగ చెప్తువు" అన్నాడు మామ. ఆ ఒక్కసారి మాత్రం ప్రేమతోనే అన్నాడు. జ్వరం తగ్గలేదు.

అస్థికల కుండతో మామ దేవసూగూరు రేవులో దిగాడు. నీళ్లు మోకాళ్లదాకా కూడా లేవు. ఒడ్డు రాళ్ల మీద సన్నగా ప్లాంట్ బూడిద పేరుకుని ఉంది. ఆయన చాలాసేపు నిలబడ్డాడు, నోరు మాత్రం తెరవలేదు. చివరికి అట్లాగే గట్టెక్కి, "ఈ బూడిద నీళ్లల్ల ఎట్ల కలుపుతర్రా? కృష్ణ పుట్టిన కాడికే తీస్కపోదాం" అన్నాడు. బూడిద కళ్లెదుటే ఉంది కదా, నేను నమ్మాను.

అస్థికలు ఇంట్లోకి తేకూడదు. అందుకని కుండను దుకాణంలో దూలానికి కట్టాడు. దుకాణంలో అస్థికలు పెట్టుకుని వ్యాపారం చేసేవాణ్ణి గంజ్ ఎన్నడూ చూడలేదు. గిరాకీలు బయటినుంచే దండం పెట్టి పక్క దుకాణానికి పోయారు.

చివరికి కుండ తీసుకుని, బస్సులు మారి మారి, నది పుట్టిన మహాబలేశ్వరం చేరాం. పాత గుడిలో రాతి ఆవు నోటినుంచి నీళ్లు సన్నగా పడుతున్నాయి. ఇది జనం తాగే తీర్థమనీ, అస్థికలు కలపనివ్వమనీ పూజారి చెప్పాడు. మామ వాదించలేదు. "ఈ నది పుట్టుక కథ చెప్పండి" అని హిందీలో అడిగాడు. బ్రహ్మ యాగానికి సావిత్రి ఆలస్యంగా వచ్చిందట. ఆమె చోట గాయత్రిని కూర్చోబెట్టారట. సావిత్రి కోపంతో దేవుళ్లను నదులై పొండని శపిస్తే, విష్ణువు కృష్ణగా పారాడట. ఒక మనిషి మాటను మామ చివరిదాకా వినడం నేను అక్కడే చూశాను.

"ఇది కాదు" అన్నాడు బయటికొచ్చి.

"ఎట్ల కాదు మామా? యాగం ఉంది, ఆవుంది."

"ఆమె కథల ఒక ముసల్ది ఉంటది. ఖాళీ కుండ పట్కొని గుట్ట ఎక్కుతది. ఎందుకో, ఏమైతదో..." గుడి మెట్టు మీద కూలబడ్డాడు. "రేవుల నాకు కథ యాదికి రాలేదురా. బూడిద అనుడు ఉత్తమాట. ఇప్పుడు ఎవర్ని అడగాలె? వాళ్లమ్మ గూడ లేకపాయె."

నాకు కోపమొచ్చింది. వెంటనే జాలేసింది. టీ తెచ్చిచ్చాను.

దేవసూగూరు రేవుకు తిరిగొచ్చేసరికి ఎగువన వానలు పడి, కృష్ణ ఎర్రగా, ఒడ్డు ఒరుసుకుని పారుతోంది. మామ కుండతో నీళ్లలోకి దిగితే, కొట్టుకుపోకుండా నేను నడుము పట్టుకున్నాను. "పూజారి చెప్పిందే చెప్పు మామా, సాలు" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. యాగం గురించి ఒక మాట చెప్పాడు. ముసలమ్మ గుట్ట ఎక్కిందన్నాడు. ఆవు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"నడుమది నాకు రాదు తల్లీ. చెప్తనంటే నేనే ఇనలే. ఈమె నీ బిడ్డనే. నీ పేరే."

కుండ వంచాడు. ఒక్క ముక్క కూడా కంటికి ఆనకుండా నీళ్లు లాక్కుపోయాయి. ఆయన గట్టెక్కలేదు.

"గుర్తుపట్టి తీస్కపోయిందంటవా, ఊకెనే కొట్కపోయిందంటవా?"

"గుర్తుపట్టింది మామా" అన్నాను.

ఆయన నమ్మలేదు.