జేజి పెంపకం

మా జేజి పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను మా పాపను తిడుతున్నాను. ప్రొద్దుటూరులో మేముండే వీధికి బడి ఆటో ఎనిమిదింటికే వస్తుంది. జడ వేస్తూనే ఎక్కం అప్పజెప్పించుకుంటున్నాను. ఏడో ఎక్కం సగంలో అది మళ్లీ ఆగిపోయింది.

ఫోను చేసింది ఊరి నుంచి మా చిన్నాయన. "జేజి పోయిందిమ్మా. పొద్దున్నే జీవాలకు నీళ్లు పెట్టి, కంబళి పరుచుకోని కూచునింది. పిలిస్తే పలకలా" అన్నాడు. దువ్వెన పాప తలలోనే వదిలేసి నిలబడిపోయాను. అప్పటికి నా నోట్లో సగం తిట్టు మిగిలే ఉంది.

జేజి గురించి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఆ సగం తిట్టే గుర్తొస్తోంది. ఆమె గురించి రాయబోయి నా గురించి రాస్తున్నాను, మన్నించండి.

మాది పులివెందులకు ఇవతల, చెయ్యెత్తితేనే బస్సు ఆగే ఊరు. గొర్రెలూ మేకలూ కాసుకునే ఇల్లు. రెంటినీ కలిపి మేం జీవాలనే అంటాం. నాన్న మందను తోలుకుని నెలల తరబడి తిరిగేవాడు, అమ్మ చేని పనికి పోయేది. నన్ను పెంచింది నాన్నమ్మ, అంటే మా జేజి. మా ఇళ్లలో బిడ్డ నడక నేర్చిన ఏడు ఒక ఆడ గొర్రెపిల్లను ఆ బిడ్డ పేరున విడిచిపెడతారు. ఇక దాని మంచిచెడ్డలు ఆ బిడ్డవే. ఎంత అవసరమొచ్చినా పెద్దవాళ్లు దాన్ని అమ్మరు.

నాకు ఆరేళ్లప్పుడు నా గొర్రె ఈనింది. మూడు రోజుల పిల్ల, ఒళ్లంతా మట్టీ పెంటా. తల్లి మేతకు పోయిన తర్వాత నాకు ముచ్చటేసి, ఇంట్లో సబ్బు తెచ్చి రుద్ది రుద్ది కడిగాను. తెల్లగా మెరిసిపోయింది. సాయంత్రం మంద తిరిగొచ్చాక తల్లి దాన్ని వాసన చూసి ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల లేచి మళ్లీ పోయింది, మళ్లీ తోసేసింది. సబ్బు వాసనకు తన పిల్లను తానే గుర్తుపట్టలేదు. పిల్ల ఆకలికి అరుస్తోంది. నేను గోడ చాటున నక్కాను.

జేజి అరవలేదు. పిల్లను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది, నా చేతులకేసి చూసింది. "సరే, ఇప్పుడేం జేద్దామే?" అంది. ఆరేళ్లదాన్ని నన్ను నిజంగానే సలహా అడిగినట్టు అడిగింది. ఆమె తల్లిని గుంజకు కట్టేసి, నాలుగు ధారలు పిండి, ఆ పాలు పిల్ల వీపుకీ తోకకీ పూసింది. "నువ్వు దీని మెడ పట్టుకో. తన్నినా ఇడిసిపెట్టొద్దు" అంది. నాలుగు రోజులు పూటపూటా ఆ గొర్రె మెడ పట్టుకుని నిలబడ్డాను. అది తొక్కితే నా కాలిగోరు నల్లబడింది. ఐదో రోజు కట్టు విప్పినా గొర్రె కదల్లేదు, పిల్లను తాగనిచ్చింది. నాన్న ఊరికి వచ్చాక కూడా జేజి ఈ సంగతి ఎత్తలేదు. చెప్పింది నేనే.

ఏదన్నా అడిగితే వెంటనే చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆకువక్క దవడన పెట్టుకుని, "చూడు. కండ్లుండాయి గదా" అనేది. నాకు ఒళ్లు మండేది. పుట్టుకతోనే నాకు నిలకడ తక్కువ. నేనూ చిన్నాయన కూతురూ కొట్టుకుంటే ఆమె విడదీసేది కాదు. పల్లేరుకాయలు పట్టిన గొర్రెనొకదాన్ని తెచ్చి మా మధ్య నిలబెట్టి, ఆ పక్కవి ఒకరిని, ఈ పక్కవి ఒకరిని ఏరమనేది. సగం ఏరేసరికి దేనికి కొట్టుకున్నామో మరిచిపోయేవాళ్లం. బిడ్డలకు భయం లేకుండా పెంచుతున్నావని ఎవరన్నా అంటే, "బెదిరిన జీవం మేత మేయదప్పా" అని ఊరుకునేది.

పదేళ్లకు నన్ను జమ్మలమడుగులో హాస్టల్లో చేర్చారు. ఆ తర్వాత చదువు, పెళ్లి, ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం.

రెండేళ్ల కిందట కంటి ఆపరేషనుకని జేజి మా ఇంటికి వచ్చింది. అప్పుడు పాపకు ఐదేళ్లు. అక్షరాలు తిరగేసి రాసిందని దాని వీపు మీద ఒకటి వేశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, అది మొదటిసారి కూడా కాదు. కంటికి కట్టుతో మంచం మీద పడుకున్న జేజి ఆ చప్పుడు వింది. పాపను పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఊరికి పోయే రోజు బస్సెక్కించి ఇడ్లీ పొట్లం చేతికిస్తుంటే అప్పుడడిగింది.

"మ్మే, నిన్ను నేనెప్పుడన్నా కొట్టినానా?"

"లేదు జేజీ."

"మీ యమ్మ?"

"లేదు."

"మరి యాడ నేర్చుకుంటివే?"

దెప్పిపొడిచినట్టు లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. బస్సు కదిలిపోయింది. హాస్టల్లోనా, ఉద్యోగంలోనా, లేక నాలోనే ఉందా అని ఇంటికొచ్చేదాకా కొట్టుకులాడాను.

ఆ తర్వాత రెండు ఎండాకాలాలూ ఫోను చేసి పాపను పంపమంది. "రెండు నెల్లు ఈడ ఇడిసిపెట్టు. నేనేం నేర్పను. ఊరికే ఉంటాది" అనేది. ఆ 'ఊరికే' అన్న మాటే నాకు గిట్టేది కాదు. చేతిరాత క్లాసనీ, ఎండలనీ, దుమ్మనీ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఈ ఏడూ చెప్పాను. "సరేలే, వచ్చే ఏడు" అంది. పంపాల్సింది. పంపలేదు. ఇక ఆ పెంపకం నా బిడ్డకు అందాలంటే నా చేతుల్లోంచే అందాలి. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు.

కబురు విన్న రోజే పాపను తీసుకుని ఊరికి పోయాను. మూడో రోజు జేజి సమాధి మీద పాలు పోసి ఇంటికి వచ్చాం. మర్నాడు పొద్దున తొమ్మిదింటి బస్సుకు బయలుదేరాలి. అది పోతే మళ్లీ మధ్యాహ్నమే, నాకేమో మధ్యాహ్నానికల్లా బడిలో ఉండాలి. సంచి భుజాన వేసుకుని చూస్తే పాప దొడ్డి దగ్గరుంది. తడికకు చిన్నాయన బిగించి కట్టిన తాడు మంచుకు నాని గట్టిపడింది. ఆ ముడి విప్పుతానని పట్టు పట్టింది. లోపల జీవాలు మేతకు పోవాలని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"పాపా, బస్సొస్తోంది, రా!" అన్నాను.

అది తలెత్తలేదు. ముడిని పంటితో లాగుతోంది.

"ఏమ్మా, నేను ఇప్పేదా?" అన్నాడు చిన్నాయన.

నా చేతులు అప్పటికే ముందుకు పోయాయి. ఒక్క లాగు లాగితే అయిపోయే పని. రోడ్డు మీద హారన్ వినిపించింది.

"వద్దులే చిన్నాయనా, అదే విప్పుకుంటాది" అన్నాను.

నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టి అదిమిపట్టుకున్నాను. బస్సు వేగం తగ్గించింది, ఇంకోసారి హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. పాప ముడిని గోళ్లతో గీకుతూనే ఉంది. నా చేతులు తిమ్మిరెక్కాయి. తీయలేదు.