అబూ హలీఫాలో తప్పిపోయిన దొర

నా పేరులో దొర ఉందని నన్ను దొర అనుకోకండి. దొరబాబు అంటారు, డ్రైవర్ని. మండపేట పక్క నుంచి వచ్చి కువైట్‌లో చాలా ఏళ్ళుగా బండి తోలుతున్నాను. ఇప్పుడున్నది ఫింతాస్‌లో ఒక కువైటీ ఇంట్లో. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెళ్ళి చేసుకున్నది ఇంగ్లండు మనిషిని. పనిచేసే ఇంటి ఆవిడని మామా అనడం ఇక్కడి ఆనవాయితీ గనక ఆవిడ మాకు మామా. ఆవిడ తల్లి సిల్వియాగారు, ఎనభై దాటిన మనిషి, కూతురి దగ్గరే ఉంటుంది. ఆవిడేమో పెద్ద మామా. ఆ పెద్ద మామాని కనిపెట్టుకుని ఉండే ఆవిడ మా రత్నమణక్క. నేను చెప్పేది ఆ అక్క సంగతి.

అక్కది కోనసీమలో సముద్రం ఒడ్డున ఓడలరేవు. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గరుకు. మొన్నటి చలికాలంలో పెద్ద మామాకి పక్షవాతం తగిలి మూతి ఓ పక్కకి పోయింది, మాట సగం నోట్లోనే ఉండిపోయేది. డబ్బా సూప్ తాగిస్తుంటే ఆవిడ ఉమ్మేసేది. అక్క రెండ్రోజులు చూసి, పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యేసి, వేళ్ళతో ముద్ద పెట్టింది. దొరసాని గారికి ఇలాంటివి పెడతావా అని నేను నసిగితే, దొరసాని అయితే మాత్రం ఆకలి దొరలకి వేరే ఉంటుందా అని నా నోరు మూయించింది. పెద్ద మామా ముద్ద మింగి ఇంకో ముద్దకి నోరు తెరిచింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అక్క మాటకి తిరుగు లేదు.

అక్క మొగుడు జేమ్స్ సముద్రంలో చేపల వేటకెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళ కిందట తుఫాను కబురు వచ్చాక కూడా వీళ్ళ బోటు బయల్దేరింది. బోటు నడిపే సరంగు నతానియేలు, ఒక్క వల వేసి వచ్చేద్దాం అన్నాడట. ఐదుగురు వెళ్ళారు. బోటూ రాలేదు, మనుషులూ రాలేదు, ఒక చెక్క ముక్క కూడా ఒడ్డుకి కొట్టుకు రాలేదు. జేమ్స్ ఎప్పుడూ బోటుకి వెనకాల, ఒడ్డు వైపు మొహం పెట్టి కూర్చునేవాడని, లైట్‌హౌసు కనపడినంతసేపూ అలా చూస్తూనే ఉండేవాడని అక్క నాకు ఓసారి చెప్పింది. చెప్పి, చెప్పినందుకు నా మీదే కసురుకుంది.

అప్పటినుంచి రెండు పనులు చెయ్యనని కూర్చుంది. ఒకటి, పుస్తెలు తియ్యదు. పోయాడని ఎవరు చూశారు అంటుంది. రెండోది, నతానియేలు పేరు ఎత్తదు, ఆ పేరు నాకు వాళ్ళ ఊరివాళ్ళు చెబితే తెలిసింది. వాడి పెళ్ళాం రూతమ్మది ఎదురిల్లే, ఆవిడ మొగుడూ రాలేదు, అయినా ఆవిడతో మాట లేదు. ఆవిడ కుళాయి దగ్గరికొస్తే ఈవిడ బిందె ఎత్తుకుని వచ్చేసేదట. ఆ మొహం చూడలేకే కువైట్ వచ్చానంటుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మా అక్క.

ఈ పట్టుదల వల్ల ఇప్పుడు కూతురు కూడా దూరమవుతోంది. కేథరిన్ అని, కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్ల ఫోన్ చేసి, అమ్మా, నాన్న పేరున సమాధుల దొడ్డిలో ఓ రాయి వేయిద్దాం, పాస్టరుగారు ఒప్పుకున్నారు, పండక్కో పువ్వు పెట్టుకోడానికి నాకూ ఓ చోటు కావాలి అంది. బతికున్నవాడికి సమాధి కడతావా అని అక్క ఫోన్ కట్ చేసింది. పిల్ల మళ్ళీ చెయ్యలేదు. అక్క కూడా చెయ్యలేదు. రోజూ ఫోన్ ఛార్జింగ్ పెట్టడం, తీసి చూడడం, పక్కన పడెయ్యడం. రెండు నెలలు అలా గడిచాయి. కన్నకూతురు పోగొట్టుకున్న వస్తువేం కాదు గదా, దొరికినప్పుడు తెచ్చుకుందాం అనుకోడానికి. నాకు భయమేసేది, ఆవిడకి చెప్పే ధైర్యం మాత్రం లేదు.

మార్చి వచ్చింది. పెద్ద మామా ఉన్నట్టుండి అన్నం మానేసింది. మంచం పక్కన ఓ ఫోటో ఉంటుంది, యూనిఫారంలో టోపీ పెట్టుకున్న కుర్రాడు. దాన్ని చూపించి ఏడుస్తోంది. అక్క చెవి దగ్గర పెట్టి విని విని అర్థం చేసుకుంది: నాన్న హలీఫా వెళ్ళాడు, తిరిగి రాలేదు. అదీ మాట. అక్క వంటింట్లోకి వచ్చి నా మీద విరుచుకుపడింది. అబూ హలీఫా పక్కనే గదా, కారులో పాట అయ్యేలోపు వెళ్ళిపోతాం, అక్కడ తప్పిపోయిన మనిషిని ఇన్నేళ్ళూ ఒక్కరూ వెతకలేదా, వీళ్ళేం మనుషులు అని. ఆ కుర్రాడే ఉంటే ఇప్పటికి వందేళ్ళు దాటతాయక్కా అన్నాను. సమాధైనా ఉంటుంది గదా అంది. నోరు జారి, మొగుడి విషయంలో ఒప్పుకోని మాట దొర విషయంలో అనేసిందని నాకు అప్పుడే తట్టింది.

శుక్రవారం అక్కకి సెలవు. మామూలుగా ఖైతాన్‌లో చర్చి ప్రార్థనకి వెళ్తుంది. ఆ వారం ప్రార్థన మానేసి, ఫోటోని ఫోన్‌లో తీసుకుని, యల్లా, పద అబూ హలీఫాకి అంది. వెళ్ళాం. బకాలాలో, అంటే అక్కడి కిరాణా కొట్లో, కూర్చునే కరీముల్లా, రాయచోటి మనిషి, ఫోటో చూసి మమ్మల్ని చూసి, ఎండ దెబ్బ తగిలిందేమో నీళ్ళు తాగండని బాటిళ్ళు ఇచ్చాడు. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లని అడిగాం, మసీదు దగ్గర అడిగాం. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదండి. ఆఖరికి సముద్రం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలి కువైటీ ఒకాయన ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు. పడవలో వెళ్ళాడా అని అడిగాడు. తెలీదు, వెళ్ళాడు, రాలేదు అంది అక్క తనకొచ్చిన అరబ్బీలో. ఆయన ఫోన్ తిరిగిచ్చి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, అల్లా యర్హమా అన్నాడు. దేవుడు ఆయన్ని కరుణించుగాక అని, పోయినవాళ్ళ గురించి అనే మాట.

అక్క మొహం మారిపోయింది. పోయాడని ఈయనకెవరు చెప్పారు అని తెలుగులో గొణిగింది.

ఇల్లు చేరాక మామా ఎదురొచ్చి ఎక్కడికెళ్ళారని అడిగింది. అక్క దాచదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. మామా కాసేపు అర్థంకాక చూసి, తర్వాత గోడకి ఆనుకుని నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. హలీఫా కాదు, హాలిఫాక్స్. ఊరు కాదు, విమానం. పాత యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళ పెద్ద బాంబర్ విమానం, నాలుగు ఇంజన్లు, ఏడుగురు మనుషులు. రాత్రిపూట జర్మనీ మీదికి వెళ్ళేవి. తెల్లారేసరికి కొన్ని వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. అలా బాంబర్లలో వెళ్ళి పోయినవాళ్ళు యాభై అయిదు వేలమందికి పైనేనట. ఎక్కువమంది కేథరిన్ ఈడు వాళ్ళే, ఓ రెండేళ్ళు అటూ ఇటూ. పెద్ద మామా తల్లి కడుపులో ఉండగా ఆవిడ తండ్రి విమానం లేచింది. తర్వాత ఏ కబురూ లేదు. ఉత్తర సముద్రంలో పడి ఉంటుందని అనుకోవడమే, చూసినవాళ్ళు లేరు.

చూసినవాళ్ళు లేరా అని అక్క మళ్ళీ అడిగింది. లేరు అంది మామా.

అలాంటి వాళ్ళ కోసం లండన్ పక్కన ఓ పెద్ద గోడ కట్టారట. సమాధి లేని వాళ్ళ పేర్లు, ఇరవై వేలకి పైగా, రాళ్ళ మీద చెక్కారు. పెద్ద మామా ఏటా మార్చి నెలాఖరుకి వెళ్ళి ఆ విమానంలో ఉన్న ఏడుగురి పేర్లూ బయటికి చదివేదట. ఈ ఏడు కాళ్ళు లేవలేదు. అన్నం మానింది అందుకే.

అక్క వెళ్ళి మంచం పక్కన కింద కూర్చుంది. జరిగిందంతా మామా తన తల్లికి చెప్పింది. పెద్ద మామా విని, వంకర మూతితోనే నవ్వు మొదలెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగి, అక్క చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది: ఎనభై ఏళ్ళలో మా నాన్న కోసం వీధి వీధీ తిరిగింది నువ్వొక్కదానివే. తర్వాత కూతురి వైపు తిరిగి, గోడ దగ్గరికి వెళ్ళలేను గానీ అబూ హలీఫా వెళ్ళగలను గదా అంది. ఆ పూట పప్పన్నం గిన్నె ఖాళీ చేసింది.

నెలాఖరున సాయంత్రం చక్రాల కుర్చీ బండిలో వేసుకుని నలుగురం వెళ్ళాం. అదే ఒడ్డు. గాలి బాగుంది, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. నా బుర్ర ఊరుకోదు గదండీ, మరి వీళ్ళు వేసిన బాంబుల కింద ఉన్నవాళ్ళో అని మామాని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. మామా తల్లికి చెప్పింది. పెద్ద మామా నన్ను చూసి తలూపింది. ముందు వాళ్ళ కోసం అని కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకుంది.

తర్వాత పేర్లు చెప్పింది. మొదటి పేరు ఆర్థర్. అది మీ నాన్నగారా అని అక్క అడిగింది. కాదు, ఆర్థర్ విమానం నడిపినవాడు, మా నాన్న వాల్టర్, దారి చూపేవాడు అంది. అక్కకి ఎక్కడో తగిలింది.

"నడిపినవాడి పేరు ముందెందుకు?" అంది. "వాడే గదా తీసుకెళ్ళింది."

పెద్ద మామా మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మామా ఒక్కో ముక్కా అందుకుని మాకు చెప్పింది.

"మా అమ్మ కూడా అదే అనేది. చచ్చేదాకా ఆర్థర్ పేరు పలకలేదు. అతనికి ఇరవై రెండేళ్ళు. అతనూ ఇంటికి రావాలనే అనుకున్నాడు. అందుకే నేను అతని పేరే ముందు చెప్తాను."

పెద్ద మామా మళ్ళీ మొదలుపెట్టింది. ఆర్థర్, వాల్టర్, ఇంకో నలుగురు. ఏడో పేరు దగ్గర కాస్త ఆగి, విమానం తోక దగ్గర ఒంటరిగా, వెనక్కి మొహం పెట్టి కూర్చునే కుర్రాడు, వచ్చిన దారే చూస్తూ ఉండేవాడు అంది. ఆ కుర్రాడి పేరు జేమ్స్.

ఆ పేరు వినగానే మా అక్క ఇసుకలో కూలబడిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆపుకున్న ఏడుపండీ అది. పెద్ద మామా ఏమైందని అడగలేదు, కుర్చీలోంచి వంగి అక్క తల మీద చెయ్యి పెట్టి ఉంచింది. నాకూ ఆగలేదు, అటు తిరిగి బండి అద్దం తుడిచాను.

ఏడుపు తగ్గాక అక్క కొంగుతో మొహం తుడుచుకుని సముద్రం వైపు తిరిగింది.

"నతానియేలు," అంది.

ఆ పేరు ఆవిడ నోట వినడం నాకు అదే మొదలు. తర్వాత మిగతా ముగ్గురి పేర్లు, ఆఖర్న జేమ్స్. పెద్ద మామా ఒక్కో పేరునీ తన వంకర మూతితో తిరిగి పలికింది, నతానియేలు పేరు రెండుసార్లు పలికింది.

అక్కడే, ఆ ఇసుకలోనే కూర్చుని కూతురికి ఫోన్ చేసింది. పిల్ల వెంటనే ఎత్తింది. రెండు నెలలు అదీ ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది. అక్క తిన్నావా అని అడగలేదు, ఎలా ఉన్నావని అడగలేదు, ఆవిడ మాట అంటే అంతే.

"కేతూ, రాయి వేయించు. ఒక్క పేరు కాదు, ఐదుగురివీ వెయ్యాలి. మొదటిది నతానియేలుది. రూతమ్మ పెద్దమ్మ దగ్గరికెళ్ళి ఇంటిపేరు సరిగ్గా అడిగి రాయించు. నేను అడగమన్నానని చెప్పు."

అవతల పిల్ల ఏడుస్తోందని నాకు కూడా వినపడింది. ఏడుస్తూనే, మరి నాన్న పేరు ఎన్నోదమ్మా అని అడిగింది.

"ఆఖర్న రాయించు," అంది అక్క. "మీ నాన్న ఎప్పుడూ వెనకాలే గదా కూర్చునేవాడు, మనల్ని చూస్తా."